ప్రాగ్‌లో ఒక్క రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జర్మనీలో డ్రెస్డెన్‌లో ఉంటాను. ఇక్కడి నుంచి చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌కి రైల్లో రెండున్నర గంటల లోపే. అందుకే ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినా, అత్తయ్యావాళ్ళు వచ్చినా, చదువుకునే పిల్లలు సెలవుల్లో మా ఇంటికి వచ్చినా ఒక రోజు ప్రాగ్ చూపించడం మా ఇంట్లో అలవాటైపోయింది. బయల్దేరే ముందు అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ ఫోన్లో చెప్పే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ప్రాగ్‌కి ఒక్క రోజు సరిపోతుందా?

అన్నీ చూడాలంటే సరిపోదు. ఊరిని అనుభవించాలంటే మాత్రం సరిపోతుంది. టికెట్ కొని లోపలికి వెళ్ళి చూసేవాటి కంటే, ఊరికే వీధుల్లో నడుస్తూ చూసేవే ప్రాగ్‌లో ఎక్కువ. పాత ఊరు మొత్తం 1992లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఒక కట్టడమో ఒక గుడో కాదు, వీధులతో, ఇళ్ళతో, వంతెనతో సహా. కాబట్టి లిస్టు రాసుకుని ఒక్కోదానికి టిక్కు పెట్టుకుంటూ పరిగెత్తకండి. లోపలికి వెళ్ళి చూసేవి రెండే ఎంచుకోండి. మిగతా సమయమంతా నడకకి వదిలేయండి. ఇన్నేళ్ళలో ఎంతోమందిని తీసుకెళ్ళాను. బాగా చూశాం అని తృప్తిగా తిరిగొచ్చినవాళ్ళందరూ తక్కువ చోట్లకి వెళ్ళినవాళ్ళే.

చెక్ వీసా వేరే తీసుకోవాలా?

అక్కర్లేదు. చెక్ దేశం 2007 డిసెంబర్ నుంచి షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో ఉంది. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ ఏ దేశం ఇచ్చిన షెంగెన్ వీసా అయినా చెల్లుతుంది. కాకపోతే ఒకసారి మాత్రమే ప్రవేశం అని రాసిన వీసాతో షెంగెన్ దాటి బయటికి వెళ్ళి మళ్ళీ రావడం కుదరదని గుర్తుంచుకోండి.

జర్మనీలో చదువుకుంటున్నవాళ్ళకి ఒక మాట. పాస్‌పోర్ట్, రెసిడెన్స్ పర్మిట్ కార్డు రెండూ ఒరిజినల్స్ జేబులో ఉండాలి. సరిహద్దు దగ్గర పోలీసులు రైలెక్కి అడుగుతుంటారు. ఫోన్లో ఫోటో చూపిస్తే ఒప్పుకోరు.

రైలా, బస్సా?

డ్రెస్డెన్ వైపు నుంచి వస్తుంటే రైలే. డ్రెస్డెన్ దాటాక పట్టాలు ఎల్బె నది పక్కనే సాగుతాయి. ప్రాగ్ వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. నది, దాని మీద పడవలు, అవతల నిలువుగా లేచిన ఇసుకరాతి కొండలు గంటసేపు కనిపిస్తాయి. బెర్లిన్, మ్యూనిక్ నుంచి బస్సులు చవక కాబట్టి పిల్లలు వాటిలోనే వస్తారు. అదీ మంచిదే. ప్రయాణం ఏదైనా, ముందు రోజు రాత్రికి చేరి అక్కడే పడుకోగలిగితే తప్పకుండా అలా చేయండి. ఎందుకో వంతెన ప్రశ్న దగ్గర చెబుతాను.

ఏ వరసలో తిరగాలి?

చాలామంది ఓల్డ్ టౌన్ స్క్వేర్‌తో మొదలుపెట్టి, వంతెన దాటి, మధ్యాహ్నం ఎండలో కోట కొండ ఎక్కుతారు. పైకి చేరేసరికి కాళ్ళు లాగేస్తాయి, కోట దగ్గర క్యూ కూడా ఉంటుంది. నేను దీన్ని తిరగేస్తాను. పొద్దున్నే ట్రామ్‌లో కొండ మీదికి వెళ్ళి, రోజంతా కిందికి దిగుతూ నడవడం.

ప్రధాన రైల్వే స్టేషన్ నుంచి మెట్రో సి లైనులో రెండో స్టాపు ఈ.పే. పావ్లోవా. అక్కడ 22 నంబరు ట్రామ్ ఎక్కండి. ఈ ట్రామ్ నేషనల్ థియేటర్ పక్కనుంచి నది దాటుతుంది. బంగారు రంగు కప్పున్న ఆ పెద్ద భవనాన్ని ఒకసారి చూడండి. చెక్ ప్రజలు చందాలు వేసుకుని కట్టుకున్న నాటకశాల అది. 1881లో తెరిచిన కొద్ది వారాలకే కాలిపోయింది. మళ్ళీ చందాలు పోగుచేసి 1883కల్లా తిరిగి తెరిచారు. అప్పటికి వాళ్ళది ఆస్ట్రియా చక్రవర్తి కింద ఉన్న ప్రాంతం, సొంత దేశం లేదు. తమ భాషలో నాటకాలు ఆడుకోవడానికి ఒక ఇల్లు కావాలనుకున్నారు. లోపల వేదిక పైన 'జాతి తనకు తానే' అనే అర్థం వచ్చే చెక్ మాటలు రాసి ఉంటాయి. భాష కోసం ఎంతో చేసిన మన తెలుగువాళ్ళకి ఈ కథ వెంటనే అర్థమవుతుంది.

ట్రామ్ కోట స్టాపు దాటి ఇంకా పైకి, పొహొర్జెలెట్స్ దాకా వెళ్ళనివ్వండి. అక్కడ దిగితే స్ట్రాహోవ్ మఠం. మఠం తోట అంచున నిలబడితే ఊరంతా కాళ్ళ కింద పరుచుకుని ఉంటుంది. ఎర్రటి పెంకుటి కప్పులు, ఆకుపచ్చ గుమ్మటాలు, మధ్యలో వంకర తిరిగిన వ్లతావా నది. ఆ రోజు ఎక్కడెక్కడికి వెళ్ళబోతున్నారో అక్కడే నిలబడి వేలితో చూపించుకోవచ్చు. అక్కడి నుంచి కోట, నెరుదోవా వీధి, చార్లెస్ బ్రిడ్జి, ఓల్డ్ టౌన్ స్క్వేర్, యూదుల పేట. అంతా దిగుడే లేదా చదునే.

కోట లోపలికి టికెట్ కొనాలా?

ప్రాంగణాల్లో తిరగడానికి టికెట్ అక్కర్లేదు, సెక్యూరిటీ చెకింగ్ మాత్రం ఉండొచ్చు. పెద్ద బ్యాగులు స్టేషన్ లాకర్లోనే పెట్టేసి రండి. సెయింట్ వైటస్ కేథడ్రల్ పూర్తిగా చూడాలంటే టికెట్ కావాలి. నా మటుకు నాకు అది తప్పక చూడాల్సిందే.

ఆ కేథడ్రల్‌కి 1344లో శంకుస్థాపన చేశారు. మొదటి శిల్పి ఫ్రాన్స్ నుంచి వచ్చిన మథియాస్. ఆయన పోయాక పని పీటర్ పార్లర్ అనే జర్మన్ కుర్రవాడి చేతికొచ్చింది. అప్పటికి ఆయన వయసు ఇరవైల్లోనే. తర్వాత 15వ శతాబ్దంలో హుస్సైట్ యుద్ధాలనే మతయుద్ధాలతో పని ఆగిపోయింది. సగం గుడి శతాబ్దాల పాటు అలాగే నిలబడిపోయింది. 19వ శతాబ్దంలో మళ్ళీ పట్టుబట్టి మొదలుపెట్టి 1929లో పూర్తిచేశారు. అంటే 585 ఏళ్ళు. పడమటి ద్వారం నుంచి లోపలికి వెళితే మొదట వచ్చేది కొత్త సగం, బలిపీఠం వైపు ఉన్నది పాత సగం. నడుస్తూ ఆ తేడా కనిపెట్టడానికి ప్రయత్నించండి. ఎడమవైపు మూడో చాపెల్ కిటికీకి ఆల్ఫోన్స్ ముఖా రంగుల అద్దాల బొమ్మ ఉంటుంది. పొద్దుటి వెలుగులో దాని ముందు నిలబడి కదలని మనుషుల్ని చాలామందిని చూశాను.

కుడివైపు సెయింట్ వెన్సెస్లాస్ చాపెల్ గోడలకి విలువైన రాళ్ళు పొదిగారు. దాని పక్క గదిలో చెక్ రాజుల కిరీటం ఉంది. ఆ తలుపుకి ఏడు తాళాలు. ఏడు తాళంచెవులు ఏడుగురి దగ్గర ఉంటాయి. దేశాధ్యక్షుడు, ప్రధానమంత్రి, ఆర్చిబిషప్ లాంటి ఏడుగురూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది.

ఆదివారం పొద్దున ప్రార్థనలు ఉంటాయి కాబట్టి సందర్శకుల్ని మధ్యాహ్నం నుంచే రానిస్తారు. ఆ రోజైతే ముందు మిగతా కోట చూసుకోండి. పన్నెండు గంటలకి మొదటి ప్రాంగణంలో కాపలా మార్పిడి బ్యాండుతో జరుగుతుంది. పిల్లలుంటే బాగా నచ్చుతుంది, లేకపోతే దానికోసం ఆగక్కర్లేదు. గోల్డెన్ లేన్ అనే సన్నటి వీధిలో కోటగోడకి ఆనించి కట్టిన బుల్లి ఇళ్ళున్నాయి. వాటిలో 22వ నంబరు ఇంట్లో రచయిత కాఫ్కా 1916, 17 సంవత్సరాల్లో కూర్చుని రాసుకునేవాడు. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ తోపులాట ఎక్కువ.

ఇళ్ళ మీద రెండేసి నంబర్లు ఎందుకున్నాయి? మ్యాప్ చూసినా ఇల్లు దొరకడం లేదు.

ఎర్ర పలక మీది నంబరు ఆ పేట మొత్తంలో ఇంటికిచ్చిన పాత రిజిస్ట్రేషన్ నంబరు. నీలి పలక మీది నంబరు ఆ వీధిలో వరస నంబరు. మీకు కావాల్సింది నీలిది.

1770లో మరియా థెరీసా రాణి కాలంలో నంబర్లు పెట్టకముందు ఇళ్ళని బొమ్మలతో గుర్తుపట్టేవాళ్ళు. కోట నుంచి దిగే నెరుదోవా వీధిలో ఆ బొమ్మలు ఇప్పటికీ తలుపుల పైన ఉన్నాయి. మూడు వయొలిన్లు, బంగారు తాళంచెవి, ఎర్ర గొర్రెపిల్ల, ఇద్దరు సూర్యులు. మన పల్లెల్లో 'చింతచెట్టు ఇంటివాళ్ళు', 'మేడ ఇంటివాళ్ళు' అన్నట్టే ఇక్కడ 'మూడు వయొలిన్ల ఇల్లు'. పిల్లలకి ఈ బొమ్మలు వెతికే ఆట అప్పజెప్పండి. ఆ ఏటవాలు వీధి ఎప్పుడు దిగామో కూడా వాళ్ళకి తెలియదు.

చార్లెస్ బ్రిడ్జి ఎప్పుడు చూడాలి? నిజంగా ముహూర్తం పెట్టి కట్టారా?

సూర్యోదయానికి చూడాలి. లేదంటే రాత్రి పది దాటాక. పగలు పదకొండు నుంచి సాయంత్రం దాకా వంతెన మీద మనుషుల వీపులు తప్ప ఏమీ కనపడవు. ముందు రోజు రాత్రే చేరమని నేను పోరేది ఇందుకే. తెల్లవారుజామున హోటల్ నుంచి నేరుగా వంతెన మీదికి వెళ్ళి, అటు చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి టిఫిన్ చేసి, అప్పుడు ట్రామ్ ఎక్కండి. నది మీద పొగమంచు, నల్లబడిన రాతి విగ్రహాలు, వాటి తలల మీద కూర్చున్న గువ్వలు. అప్పుడు అక్కడ ఉండేది మీరూ, ఇద్దరు ముగ్గురు ఫోటోగ్రాఫర్లూ.

ముహూర్తం సంగతి. అంతకుముందున్న రాతి వంతెన 1342 వరదల్లో కొట్టుకుపోయింది. నాలుగో చార్లెస్ రాజు కొత్త వంతెనకి 1357లో పునాదిరాయి వేశాడు. జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తం ప్రకారం ఆ ఏడు తొమ్మిదో తారీకు, ఏడో నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలకి వేశాడని చెప్పుకుంటారు. వరసగా రాస్తే 1-3-5-7-9-7-5-3-1. ఎక్కి దిగే బేసి సంఖ్యలు. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. మా నాన్నకి ఇది చెప్పినప్పుడు వంతెన మధ్యలోనే ఆగి, వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. రాళ్ళ మధ్య సున్నంలో కోడిగుడ్లు కలిపారనీ, రాజాజ్ఞ ప్రకారం ఊరూరి నుంచి గుడ్లు వచ్చాయనీ, ఒక ఊరివాళ్ళు దారిలో పగులుతాయని భయపడి ఉడకబెట్టి పంపారనీ ఇంకో కథ. డంగు సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి కట్టిన మన పాత కట్టడాలు తెలిసినవాళ్ళకి ఇది వింతగా అనిపించదు.

వంతెన పొడవు దాదాపు 516 మీటర్లు. 1841 దాకా ప్రాగ్‌లో వ్లతావా దాటడానికి ఉన్నది ఇదొక్కటే. రెండు వైపులా 30 విగ్రహాలు. అన్నిటికంటే పాతది 1683లో పెట్టిన నెపోముక్ విగ్రహం. ఆయన ఒక పూజారి. 1393లో అప్పటి రాజు, చార్లెస్ కొడుకు, ఆయన్ని ఈ వంతెన మీంచే నదిలోకి తోయించాడు. రాణి తన దగ్గర చెప్పుకున్న పాపనివేదనని రాజుకి చెప్పనన్నందుకే అలా చేశాడని జనం నమ్మకం. రాజుకీ ఆర్చిబిషప్‌కీ మధ్య అధికార తగాదాలో నలిగిపోయాడని చరిత్రకారులు అంటారు. విగ్రహం కింద కంచు పలకల్ని అందరూ తాకి తాకి అవి బంగారంలా మెరుస్తుంటాయి.

ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో పాత టౌన్‌హాల్ గోడకున్న ఆ గడియారం గురించి అంత గొప్పగా చెబుతారు. గంట కొట్టినప్పుడు చూస్తే నిమిషంలో అయిపోయింది. అంతేనా?

ఈ ప్రశ్నకి నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే చాలామంది చూసేది పైన కిటికీల్లో తిరిగే పన్నెండుగురు అపొస్తలుల బొమ్మల్ని. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా ప్రతి గంటకీ వస్తాయి. అస్థిపంజరం గంట తాడు లాగుతుంది, చివర కోడి కూస్తుంది, అయిపోతుంది. వందలమంది ఫోన్లు పైకెత్తి అది తీసుకుని వెళ్ళిపోతారు. గడియారం అసలు గొప్పతనం ఆ బొమ్మల్లో లేదు, వాటి కింద తిరిగే చక్రంలో ఉంది. దాన్ని రోజంతా ఎప్పుడైనా చూడొచ్చు. గంట కొట్టాక జనం చెదిరిపోతారు. అప్పుడు దగ్గరికి వెళ్ళి పది నిమిషాలు నిలబడండి.

పంచాంగం చూడటం వచ్చినవాళ్ళకి ఇది పాత చుట్టంలా అనిపిస్తుంది. 1410లో కదాన్ ఊరి మికులాష్ అనే గడియారాలు చేసేవాడు తయారు చేశాడు. ఆయనకి లెక్కలు కట్టిచ్చింది యాన్ షిండెల్ అనే విశ్వవిద్యాలయ పండితుడు. ఇది చూపించేది ఒక్క సమయం కాదు.

బంగారు చెయ్యి రోమన్ అంకెల మీద చూపించేది మనకి తెలిసిన గంటలు. అన్నిటికంటే బయట ఉన్న నల్ల వలయం మీద పాత గోతిక్ అక్షరాల్లో 1 నుంచి 24 దాకా అంకెలుంటాయి. అది పాత చెక్ సమయం. వాళ్ళకి రోజు సూర్యాస్తమయంతో మొదలయ్యేది. అందుకని ఆ వలయం కాలాన్ని బట్టి అటూ ఇటూ కదులుతుంది. మన పంచాంగంలో వారం సూర్యోదయం నుంచి లెక్క, వాళ్ళకి రోజు అస్తమయం నుంచి.

మధ్యలో నీలం భాగంలో వంపు తిరిగిన బంగారు గీతలున్నాయి చూడండి. పగటిని పన్నెండు సమభాగాలు చేసే గీతలవి. ప్రాగ్‌లో జూన్‌లో పగలు పదహారు గంటల పైనే ఉంటుంది. అప్పుడు ఒక్కో భాగం ఎనభై నిమిషాలు. డిసెంబర్‌లో పగలు ఎనిమిది గంటలే, అప్పుడు ఒక్కో భాగం నలభై నిమిషాలు. అంటే గంట పొడవు కాలాన్ని బట్టి మారుతుంది. సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఉన్న సమయాన్ని ఎనిమిది భాగాలు చేసి రాహుకాలం కడతారు కదా, సరిగ్గా అదే పద్ధతి. హైదరాబాద్ రాహుకాలం డ్రెస్డెన్‌లో పనికిరాదని మా అమ్మకి అప్పటిదాకా ఎంత చెప్పినా ఎక్కలేదు. ఆ గీతలు చూపించాక వెంటనే పట్టేసింది.

ఇంకో చిన్న వలయం మీద పన్నెండు రాశుల గుర్తులుంటాయి. సూర్యుడి బొమ్మ, సగం తెలుపు సగం నలుపు చంద్రుడి బొమ్మ ఏ రాశిలో ఉన్నాయో దాని మీద కనిపిస్తుంది. ఇక్కడ ఒక్క జాగ్రత్త. సూర్యుడు మకరంలోకి వచ్చేది మనకి సంక్రాంతినాడు, జనవరి 14 ప్రాంతంలో. ఈ గడియారంలో డిసెంబర్ 21, 22 నాటికే వచ్చేస్తాడు. తప్పు ఎవరిదీ కాదు. వాళ్ళది రుతువుల్ని బట్టి కట్టే సాయన లెక్క, మన పంచాంగాలది నక్షత్రాల్ని బట్టి కట్టే నిరయన లెక్క. రెండిటికీ ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల తేడా ఉంది.

ఈ గడియారం చేసినవాడి కళ్ళు పొడిపించారని గైడ్లు చెప్పే కథ నిజం కాదు. ఆ కథలో చెప్పే హనుష్ అసలు దీన్ని చేసినవాడే కాదు. 1945 మేలో జర్మన్ సైన్యం దాడిలో మంటలంటుకుని గడియారం బాగా దెబ్బతింది. బాగుచేసి 1948లో మళ్ళీ నడిపించారు.

ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో ఇంకేం చూడాలి?

గడియారానికి కాస్త పక్కన నేల మీద రాళ్ళలో 27 తెల్ల శిలువలు పొదిగి ఉంటాయి. జనం తెలియక తొక్కుకుంటూ పోతారు. 1618లో ప్రొటెస్టెంట్ పెద్దలు కోట కిటికీలోంచి చక్రవర్తి అధికారుల్ని కిందికి విసిరేశారు. ముప్ఫై ఏళ్ళ యుద్ధం దాంతోనే మొదలైంది. ఆ తిరుగుబాటు ఓడిపోయాక, 1621 జూన్ 21న 27 మందిని ఈ చౌకులోనే చంపారు. ఒక్కో శిలువ ఒక్కొక్కరికి.

ఎదురుగా రెండు ముళ్ళ గోపురాలున్నది టీన్ చర్చి. నక్షత్రాల్ని దుర్భిణి లేకుండానే అంత కచ్చితంగా కొలిచిన టైకో బ్రాహీ సమాధి అందులో ఉంది. ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన కెప్లర్, ఆయన పోయాక ఆ కొలతలతోనే గ్రహాల కక్ష్యలు దీర్ఘవృత్తాలని ఈ ఊళ్ళోనే తేల్చాడు. ఇంజనీరింగ్ చదివే పిల్లలు వెంట ఉంటే ఇది చెప్పండి.

యూదుల పేట చూడటానికి సమయం ఉంటుందా?

కోట లోపల ఒకటి చూస్తే, రెండోది ఇదే చూడండి. చౌకు నుంచి ఐదు నిమిషాల నడక. శనివారాలు, యూదుల పండగ రోజుల్లో మూసి ఉంటుంది కాబట్టి మీ ప్రయాణం రోజు దాన్ని బట్టి పెట్టుకోండి.

పింకాస్ సినగోగ్ లోపల గోడల మీద బొమ్మల్లేవు, అలంకారాల్లేవు. పేర్లు మాత్రమే ఉన్నాయి. నాజీలు చంపిన దాదాపు 78,000 మంది చెక్ యూదుల పేర్లు, పుట్టిన తేదీలు, చివరిసారి బతికున్నట్టు తెలిసిన తేదీలు. చేత్తో రాసినవి, ఊళ్ళ వారీగా, ఇంటిపేర్ల వారీగా. ఒకే ఇంటిపేరు కింద తాత, కొడుకు, కోడలు, పసిపిల్ల. పై అంతస్తులో, నాజీలు యూదుల్ని బంధించిన తెరెజిన్‌లో పిల్లలు వేసిన బొమ్మలు. సీతాకోకలు, ఇళ్ళు, భోజనాల బల్లలు. వాళ్ళకి బొమ్మలు నేర్పిన టీచరు ఫ్రీడల్ డిక్కర్-బ్రాండైస్‌ని 1944లో ఆష్విట్జ్‌కి పంపి చంపేశారు. వెళ్ళే ముందు ఆమె ఆ బొమ్మల్ని రెండు సూట్‌కేసుల్లో సర్ది దాచిపెట్టింది. అందుకే ఇవాళ మనం చూడగలుగుతున్నాం.

పక్కనే పాత శ్మశానం. 15వ శతాబ్దం నుంచి 1787 దాకా వాడారు. చోటు పెంచనివ్వకపోవడంతో పాత సమాధుల మీదే మట్టి పోసి కొత్తవి కట్టారు. అందుకే దాదాపు పన్నెండు వేల రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. లోపల మగవాళ్ళు తల కప్పుకోవాలి. ఫోటోల ధ్యాస పక్కన పెట్టి నెమ్మదిగా నడవండి. చిన్నపిల్లలుంటే పేర్ల గోడల గురించి ముందే రెండు మాటలు చెప్పి తీసుకెళ్ళండి.

యూరోలు నడుస్తాయా? ఎంత డబ్బు మార్చుకోవాలి?

అక్కడ నడిచేది కొరునా. ఒక యూరోకి సుమారు 25 కొరునాలు. నా సలహా అసలు మార్చుకోవద్దనే. ట్రామ్ టికెట్ నుంచి కాఫీ దాకా కార్డు పనిచేస్తుంది. చిల్లర కావాల్సింది కొన్ని మరుగుదొడ్లకి, చిన్న బండ్ల దగ్గర. దానికోసం బ్యాంకు ఏటీఎంలో కొద్దిగా తీసుకోండి. మీ కరెన్సీలోకి మార్చి చూపించమంటారా అని మెషీన్ అడిగితే వద్దు అనండి. ఆ మార్పిడిలో బాగా నష్టపోతారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను కమిషన్ లేదని రాసిన ఒక మార్పిడి దుకాణంలో వంద యూరోలిచ్చాను. చేతికొచ్చినవి లెక్కపెడితే ఐదో వంతుకి పైగా తక్కువ. బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది వాళ్ళు కొనే రేటు కాదు, అమ్మే రేటు. అప్పుడు నాకు తెలియని విషయం ఇప్పుడు మీకు చెబుతున్నాను. 2019 నుంచి ఉన్న చట్టం ప్రకారం వెయ్యి యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా రద్దు చేయించుకోవచ్చు. రసీదు పారేయకండి. వీధిలో పలకరించి మంచి రేటిస్తామనేవాళ్ళకి అసలు జవాబే ఇవ్వొద్దు. చెల్లని నోట్లో, వేరే దేశం నోట్లో అంటగడతారు.

ట్రామ్ టికెట్ సంగతి ఏమిటి?

మెషీన్లో కొన్న కాగితం టికెట్‌ని మొదటి ప్రయాణంలో పసుపు పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే. మామూలు బట్టల్లో ఉండే తనిఖీదారులు బ్యాడ్జి చూపించి అడుగుతారు. తెలియదంటే వినరు, జరిమానా వేస్తారు. ట్రామ్ లోపలి మెషీన్లో కార్డుతో కొన్నదానికి మాత్రం ముద్ర అక్కర్లేదు. రోజంతా తిరిగేవాళ్ళకి 24 గంటల టికెట్ హాయి. 22 ట్రామ్‌లోనూ, గడియారం దగ్గర గుంపులోనూ పర్సు, ఫోను జాగ్రత్త.

శాకాహారులు ఏం తినాలి?

చెక్ వంట మాంసం చుట్టూ తిరుగుతుంది. అయినా ఆకలితో ఉండక్కర్లేదు. 'స్మజెనీ సీర్' అని బ్రెడ్ పొడిలో ముంచి వేయించిన చీజ్ ముక్క, బంగాళదుంపలతో ఇస్తారు, అన్నిచోట్లా దొరుకుతుంది. 'బ్రాంబోరాక్' అనేది వెల్లుల్లి వేసిన బంగాళదుంప అట్టు. కొన్నిచోట్ల పంది కొవ్వులో కాలుస్తారు కాబట్టి అడిగి తీసుకోండి. మాంసం లేకుండా అనడానికి 'బెజ్ మాసా' అంటే చాలు. గుడ్డు కూడా తినని పెద్దవాళ్ళు వెంట ఉంటే భారతీయ శాకాహార హోటళ్ళు ఊరి మధ్యలోనే ఉన్నాయి, మ్యాప్‌లో వెతుక్కోండి. నేనైతే అమ్మావాళ్ళకి పులిహోర కట్టుకెళతాను. స్ట్రాహోవ్ తోట గట్టు మీద కూర్చుని తింటే ఆ రుచే వేరు.

చౌకులో బండ్ల మీద అమ్మే హామ్ ధర 100 గ్రాములకి రాసి ఉంటుంది. వాళ్ళు కోసిచ్చేది అంతకు మూడు నాలుగు రెట్లు. ముందే గ్రాముల్లో చెప్పండి. హోటల్లో బల్ల మీద అడక్కుండా పెట్టిన బ్రెడ్ తింటే బిల్లులో వస్తుంది. వీధుల్లో పొగలు కక్కుతూ తిరిగే తీపి గొట్టాలు, త్రదెల్నిక్, ఇక్కడి పాత వంటకం అని రాసుకుంటారు కానీ, పర్యాటకుల వెంట ఈమధ్యే వచ్చింది. తినడానికి బాగానే ఉంటుంది. కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు, సీసా వెంట తెచ్చుకోండి. పిల్లలకి 'కోఫోలా' ఇప్పించండి. 1960లో చెకొస్లొవేకియాలో పుట్టిన మూలికల రుచి కూల్‌డ్రింక్. మా అబ్బాయికి ప్రాగ్ అంటే ముందు అదే గుర్తొస్తుంది.

మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలతో కుదురుతుందా?

కుదురుతుంది, కాకపోతే పైన చెప్పిన దారిని సగం చేయండి. ఇబ్బంది దూరం వల్ల కాదు, చిన్న చిన్న గుండ్రాళ్ళు పరిచిన వీధుల వల్ల. అడుగు మందంగా ఉన్న బూట్లు తప్పనిసరి. చెప్పులు, చీరకుచ్చిళ్ళు రెండూ ఆ రాళ్ళ మీద ఇబ్బందే. కోట స్టాపు దగ్గరే దిగి కేథడ్రల్ చూపించి, అదే ట్రామ్‌లో కిందికి వచ్చేయండి. నెరుదోవా వాలు మోకాళ్ళకి ఎక్కడం కంటే దిగడమే కష్టం. పాత టౌన్‌హాల్ గోపురానికి లిఫ్ట్ ఉంది. ఊరంతా పైనుంచి చూడాలన్న వాళ్ళ కోరిక అక్కడ తీరుతుంది.

ఏ నెలలో వెళ్ళాలి?

మే, సెప్టెంబర్. డిసెంబర్‌లో క్రిస్మస్ సంతలు అందంగా ఉంటాయి కానీ నాలుగింటికే చీకటి పడుతుంది, చలికి చేతులు కొంకర్లు పోతాయి.

ఏం కొనుక్కురావాలి?

చెక్కబొమ్మలు. తాళ్ళతో ఆడించే బొమ్మలాట ఇక్కడి ఇంటింటి కళ. చెక్, స్లొవాక్ బొమ్మలాటని 2016లో యునెస్కో గుర్తించింది. మన తోలుబొమ్మలాట నీడల్లో ఆడుతుంది, వీళ్ళది వెలుగులో ఆడుతుంది. చేత్తో చెక్కినవి అమ్మే చిన్న దుకాణాలు కోట కిందున్న మాలా స్ట్రానా పేటలో ఉన్నాయి, ధర ఎక్కువే కానీ తరాలు నిలుస్తాయి. ఒకదాంట్లో ఒకటి ఇమిడే బొమ్మలు ప్రతి షాపులో కనిపిస్తాయి. అవి రష్యావి, వాటికోసం ఇక్కడిదాకా రానక్కర్లేదు.

రైలుకి ఇంకా అరగంట ఉంది. స్టేషన్లో చూడ్డానికి ఏమైనా ఉందా?

ఉంది. ఒకటో ప్లాట్‌ఫాం మీదికి వెళ్ళండి. కళ్ళజోడు పెట్టుకున్న ఒక మనిషి కంచు విగ్రహం, చేతుల్లో ఒక పిల్లవాడు, పక్కన ఒక పాప, ఒక సూట్‌కేసు. ఆయన నికొలస్ వింటన్ అనే బ్రిటిష్ యువకుడు. 1939లో తోటివాళ్ళతో కలిసి ఈ స్టేషన్ నుంచి ఎనిమిది రైళ్ళలో 669 మంది పిల్లల్ని, ఎక్కువమంది యూదుల పిల్లలే, లండన్‌కి పంపే ఏర్పాటు చేశాడు. తల్లిదండ్రులు ఇక్కడే నిలబడి చేతులూపారు. వాళ్ళలో చాలామంది పేర్లు మీరు మధ్యాహ్నం పింకాస్ గోడల మీద చూసి ఉంటారు. తొమ్మిదో రైలు దాదాపు 250 మంది పిల్లలతో సెప్టెంబర్ 1న బయల్దేరాల్సింది. ఆ రోజే యుద్ధం మొదలైంది. రైలు కదల్లేదు.